ఎల్లలు, సాక్షులు: పల్లె బడుల స్థాపన కథనాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పేద గ్రామసమాజాల్లో బడులు పెట్టిన వారిని గురించి తెలుగు నేలమీద వెలువడిన కథనాలు స్థాపకుని కర్తగానూ, ఊరిని గ్రహీతగానూ చూపుతాయి. ఒకప్పటి దానశాసనంలో దాతతో పాటు ఎల్లలకు, సాక్షులకు కూడా చోటుండేది. ఆ శాసన లక్షణాన్ని కొలమానంగా తీసుకొని ఒంగోలు, మార్లవాయి, హైదరాబాదు, నిజామాబాదు ప్రాంతాలకు సంబంధించిన కొన్ని రచనలను, సంస్థల చరిత్రలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘బయటివారు’, ‘స్థానికులు’ అనే విభజన ఎంతవరకు పనికివస్తుందో ఇందల్వాయి పరిసరాల నేపథ్యంలో చర్చిస్తుంది.

కీలక పదాలు: స్థాపన కథనం, దానశాసనం, బయటివారు, స్థానికులు, వాడబడి, సాక్షి.

ఉపోద్ఘాతం:
తెలుగులో బడికి సంబంధించిన క్రియలు చాలా ఉన్నాయి. బడి పెడతారు, నడుపుతారు, నిలబెడతారు. బడి వస్తుంది, నడుస్తుంది, మూతపడుతుంది. పిల్లలను బడిలో వేస్తారు, బడి మాన్పిస్తారు. వీటిలో గ్రంథాలకు ఎక్కే క్రియ సాధారణంగా ఒక్కటే: ‘స్థాపించు’. ఈ క్రియకు కర్త తప్పనిసరి. ఆ కర్తకు ఒక పేరు, స్థాపనకు ఒక తేదీ ఉండాలి. ‘మా ఊరికి బడి వచ్చింది’ అని ఊరివాళ్లు చెప్పుకొనే వాక్యంలో ఆ కర్త కనిపించడు. ‘ఫలానావారు ఫలానా ఊరిలో పాఠశాల స్థాపించారు’ అన్న వాక్యంలో ఊరు అధికరణంగా మాత్రమే మిగులుతుంది. మొదటి వాక్యంలో స్థాపకుని శ్రమ మరుగున పడితే, రెండో వాక్యంలో ఊరి శ్రమ మరుగున పడుతుంది. ఈ రెండు వాక్యాల మధ్య దూరం వల్ల బడి ఎవరిదన్న ప్రశ్నకు వేర్వేరు జవాబులు వస్తాయి.

పల్లె బడుల చరిత్రను చెప్పే రచనలను ఇంతవరకు ఎక్కువగా సమాచార వనరులుగానే వాడుకున్నారు. ఎన్ని బడులు, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నవి వాటినుంచి తీసుకున్నారు. అవి కథనాలు కూడా. వాటికి ఒక ఆరంభం, ఒక నాయకుడు, ఒక విఘ్నం, ఒక ఫలశ్రుతి ఉంటాయి. ఆ నిర్మాణాన్ని విమర్శ దృష్టితో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొలమానం – దానశాసన లక్షణం:
తెలుగు దేశంలో దానాన్ని నమోదు చేసే పద్ధతి కొత్తది కాదు. మధ్యయుగ దానశాసనంలో కొన్ని అంగాలు ఇంచుమించు స్థిరంగా కనిపిస్తాయి. స్వస్తి వాచకం, కాలం, దాత ప్రశస్తి, ప్రతిగ్రహీత, దానవస్తువు, దాని ఎల్లలు, సాక్షులు, చివర శాపవాక్యం. దాత ప్రశస్తి ఎంత విస్తారంగా ఉన్నా శాసనం అక్కడితో ముగియదు. ఇచ్చిన భూమికి తూర్పున ఏ చెరువు, దక్షిణాన ఎవరి చేను, పడమట ఏ పుట్ట, ఉత్తరాన ఏ దారి అన్నది చెప్పాలి. అలా చెప్పడంలో దానానికి ముందునుంచీ అక్కడ ఉన్న ఊరు శాసనంలోకి వస్తుంది. సాక్షుల పేర్లు చేరడంతో దాత మాట ఒక్కటే చాలదన్న ఒప్పుకోలు వస్తుంది. శాపవాక్యం తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానాన్ని అపహరించకూడదని భవిష్యత్తును కట్టడి చేస్తుంది.

శాసనాలు సమానత్వాన్ని పాటించాయని దీని అర్థం కాదు. ఆ ఎల్లల లోపల పనిచేసినవారి పేర్లు వాటిలో అరుదు. అగ్రహార దానాల్లో చదువు ఎవరికి దక్కిందో తెలిసినదే. అయినా ఒక స్థాపనను నమోదు చేయడానికి ఏమేమి చెప్పాలన్న విషయంలో ఆ రూపానికి ఒక నిబద్ధత ఉంది. ఆధునిక స్థాపన కథనం దాతను, కాలాన్ని, దానవస్తువును నిలుపుకొని ఎల్లలను, సాక్షులను వదిలేసింది. ఈ లోపం అన్ని రచనల్లోనూ ఒకే తీరుగా లేదు. ఎక్కడ తక్కువ, ఎక్కడ ఎక్కువ అన్నది పరిశీలించదగినది.

ఇందల్వాయి పరిసరాలు – ‘బయటివారు’ అంటే ఎవరు?
ఇందల్వాయి 2016 జిల్లాల పునర్విభజనతో మండల కేంద్రమైంది. జాతీయ రహదారి, సికింద్రాబాదు–నిజామాబాదు రైలుమార్గం రెండూ దీన్ని తాకుతూ పోతాయి. ఒకప్పుడు ఈ ప్రాంతం సిర్నాపల్లి సంస్థానంలోనిది. ఆ సంస్థానాన్ని ఏలిన జానకీబాయి పేరు ఇక్కడి గడులతో, గుళ్లతో, చెరువులతో కలిసి ఇప్పటికీ వినిపిస్తుంది. పక్కనే ఉన్న డిచ్‌పల్లిలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో కుష్ఠువ్యాధి చికిత్సాలయాన్ని నెలకొల్పారు. అదే డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పడమటి వైపు నిజాంసాగర్ కాలువ కింద, బోధన్ చక్కెర కర్మాగారం చుట్టూ, కోస్తా జిల్లాలనుంచి వచ్చిన రైతులు ‘క్యాంపు’లు కట్టుకొని స్థిరపడ్డారు. తూర్పు వైపు అడవి అంచున లంబాడీ తండాలున్నాయి. ఊళ్లలో బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫుకు పోయి డబ్బు పంపే పురుషులు ఉన్నారు.

ఇటువంటి చోట ‘బయటివారు’ అన్న మాటకు ఒకే అర్థం ఉండదు. సముద్రం దాటి వచ్చిన మిషనరీ బయటివాడు. ఉర్దూలో ఉత్తర్వులు తెచ్చిన తాలూకా అధికారి బయటివాడు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతు తెలుగే మాట్లాడినా బయటివాడు. ముల్కీ–గైర్ ముల్కీ వివాదం 1952లోనూ 1969లోనూ ఈ మాటకు రాజకీయ బలాన్ని ఇచ్చింది. తండాకు ఊరే బయట. మాదిగవాడకు గడి బయట. దుబాయిలో పదేళ్లు పనిచేసి తిరిగివచ్చి బడికి గేటు పెట్టించినవాడు ఊరివాడే అయినా ఆ గేటుమీది పేరులో అతని దూరప్రయాణం కూడా ఉంది. అందువల్ల బయటివారు పెట్టిన బడి, స్థానికులు పెట్టిన బడి అన్న రెండు గదుల వర్గీకరణ విమర్శకు చాలదు. ఏ ఎల్లకు బయట, ఎవరి దృష్టిలో బయట అన్నది ప్రతి కథనంలోనూ అడగాలి.

డిచ్‌పల్లి చికిత్సాలయం ఈ విషయంలో మంచి ఉదాహరణ. అది బడి కాకపోయినా స్థాపన కథనపు స్వరూపం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. కెర్ దంపతుల త్యాగం ఆ కథకు నడుమ ఉంటుంది. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ ఇచ్చిన పెద్ద విరాళంతో ఆ పని సాధ్యమైంది. కథనంలో ఆయన ‘ఉదారుడైన హిందువు’గా ఒక వాక్యంలో వచ్చి వెళ్తారు. ఒక స్థానిక సంపన్నుడు పరమతస్థుల సంస్థకు, అదీ సమాజం వెలివేసిన రోగుల సంస్థకు, ఎందుకు ధనమిచ్చారన్నది ఆ కథలో అత్యంత ఆసక్తికరమైన ప్రశ్న. దాన్ని ‘సహకారం’ అన్న మాటలో ముగించడంతో ప్రశ్నకే చోటు లేకుండా పోయింది.

ఒంగోలు – ఒకే చేతి రెండు పుస్తకాలు:
స్థాపన కథనంలో ఊరి గొంతు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో తెలుసుకోవడానికి ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు సంబంధించిన రెండు పుస్తకాలు ఉపకరిస్తాయి. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. ఆయన భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ ప్రచురించారు. క్లౌ మరణానంతరం 1914లో ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ వచ్చింది. రెండోది క్లౌ ఉత్తమ పురుషలో చెప్పిన కథ. దాన్ని అక్షరబద్ధం చేసినవారు కూడా ఎమ్మాయే.

మొదటి పుస్తకంలో కథకులు మాదిగ పెద్దలు. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకొనే కులగాథలు, ఊరి దేవతల కథలు, గురువుల వెంట తిరిగిన అనుభవాలు అందులో ఉన్నాయి. యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవంలోకి రాకముందే రాజయోగ సంప్రదాయంలో గురువును ఆశ్రయించి సాధన చేసిన మనిషిగా కనిపిస్తారు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన ఆయనకు మిషన్ రాకముందే ఒక అన్వేషణ ఉంది, వెంట నడిచే బంధువర్గం ఉంది. బోధకులు, ఉపాధ్యాయులు ఊళ్లలోకి నడిచిన దారులు చాలావరకు అంతకుముందు గురుశిష్య సంబంధాలు, బంధుత్వాలు పరచిన దారులే. శాసన పరిభాషలో చెప్పాలంటే మొదటి పుస్తకం ఎల్లలను రాసింది.

రెండో పుస్తకంలో అదే పేరయ్య, అవే ఊళ్లు ఉన్నా కథ అమెరికాలోని బాల్యంతో మొదలై ఒంగోలుకు వస్తుంది. ఆరంభం మారగానే పాత్రల స్థానాలు మారతాయి. పేరయ్య అన్వేషకుని స్థానంనుంచి తొలి ఫలం స్థానానికి వస్తారు. ఇది రచయిత్రి నిజాయితీకి సంబంధించిన విషయం కాదు. ఉత్తమ పురుష స్థాపకునిది అయినప్పుడు కథ ఆయన పుట్టుకతోనే మొదలవుతుంది. ఇదే పుస్తకంలో మరొక విలువైన సాక్ష్యం ఉంది. ఒంగోలులో తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు ఆశించి మిషన్‌కు దగ్గరైన అగ్రవర్ణాల పెద్దలు, మాదిగలను చేర్చుకోవడం మొదలుకాగానే దూరమయ్యారు. ‘స్థానికులు’ అని ఒక్క మాటతో చెప్పదగిన సమూహం ఎక్కడా లేదని ఆ ఘట్టం చెబుతుంది. స్థానికుల ఆదరణ, స్థానికుల ప్రతిఘటన అన్న మాటలు వాడే పరిశోధకులు అది ఏ వాడ ఆదరణ, ఏ వీధి ప్రతిఘటన అన్నది విడదీయక తప్పదు.

మార్లవాయి – భాష అనే ఎల్ల:
ఆదిలాబాదు గోండుల విషయంలో స్థాపకుడు మిషనరీ కాడు, ప్రభుత్వ సలహాదారుడైన మానవ శాస్త్రజ్ఞుడు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను పరిశీలించవలసి వచ్చింది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ మార్లవాయిలో నివసించి, 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఏర్పాటు చేయించారు. కొద్దిపాటి అక్షరజ్ఞానమున్న గోండు యువకులనే ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. భూమి పట్టాల పంపిణీ, చదువు రెండూ ఒకే కార్యక్రమంలో భాగాలుగా సాగాయి. రశీదు చదవగలిగిన గోండు ఉంటేనే పట్టా నిలుస్తుందన్న అవగాహన దాని వెనుక ఉంది.

ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, ఈ కథనానికి ఆరంభం హైమండార్ఫ్ రాకలో లేదు, జోడేఘాట్‌లో ఉంది. గోండుల పోరాటం లేకపోతే సలహాదారుడు లేడు, శిక్షణ కేంద్రం లేదు. అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ నవలను, హైమండార్ఫ్ నివేదికలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ సంబంధం బయటపడుతుంది. ఒకటి యుద్ధాన్ని చెబితే మరొకటి ఆ యుద్ధానికి రాజ్యం ఇచ్చిన జవాబును చెబుతుంది. రెండోది, హైమండార్ఫ్ తన స్థాపనకు తానే తర్వాతి సాక్షి అయ్యారు. 1982లో వెలువడిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో ఆయన ఆ ప్రాంతానికి తిరిగివచ్చి, గోండీలో బోధన ఆగిపోయిన తీరును, భూములు చేజారిన తీరును రాశారు. ఫలశ్రుతితో ముగిసే స్థాపన కథనాల్లో ఇటువంటి అనంతర కథనం అరుదు. శాసనంలోని శాపవాక్యం చేసే పనిని ఈ పుస్తకం మరో రీతిలో చేసింది. ఇచ్చినది ఎట్లా అపహరణకు గురైందో నమోదు చేసింది.

ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో మరణించగా మార్లవాయిలో సమాధి చేశారు. తర్వాత ఆయన సమాధి కూడా అక్కడే వెలిసింది. ఏటా ఊరివారు వర్ధంతి జరుపుతారు. బయటివారు ఊరివారు కావడానికి ఊరు చేసే నిర్ణయం ఇది. స్థాపకుని స్వీయప్రకటనతో దానికి పనిలేదు.

ఆంధ్రోద్యమ చరిత్ర – అనుమతి అనే విఘ్నం:
మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ స్థానికులు స్థానికులను గురించి రాసుకున్న చరిత్ర. 1921లో ఆంధ్ర జనసంఘం ఏర్పడినప్పటినుంచి గ్రంథాలయాలు, పాఠశాలలు, వర్తక సంఘాలు ఎట్లా పెరిగాయో అది చెబుతుంది. నిజాం రాజ్యంలో ఖాన్గీ బడి పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన ఈ కథనంలో ప్రధాన విఘ్నం. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలకు మాతృభాషలో విద్య, ఖాన్గీ బడుల స్వేచ్ఛ ముఖ్యమైన కోరికలు. ఆరవ మహాసభ 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది.

ఈ గ్రంథానికి బలం దాని సాక్షులు. సభలకు వచ్చినవారు, తీర్మానాలు ప్రతిపాదించినవారు, బలపరచినవారు పేరుపేరునా ఉన్నారు. ఈ విషయంలో ఇది శాసన లక్షణానికి దగ్గరగా ఉంది. అయితే ఆ సాక్షుల్లో వకీళ్లు, వర్తకులు, దేశ్‌ముఖులు, కరణాలు ఎక్కువ. తెలుగు బడి కావాలన్న కోరికలో తెలుగువారందరూ ఒకటే. బడి ఏ వీధిలో ఉండాలన్నప్పుడు వారు ఒకటి కారు.

ఈ ఖాళీని పూరించే చరిత్ర భాగ్యరెడ్డి వర్మది. 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో దళిత బాలల కోసం ఆయన తొలి బడి తెరిచారు. తర్వాత అటువంటివి రెండు డజన్లకు పైగా నడిచాయి. 1930లలో ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. తమ పిల్లలకోసం తామే బడి పెట్టుకున్న ఈ ప్రయత్నం గ్రంథాలయోద్యమ, ఆంధ్రోద్యమ చరిత్రల్లో చాలాకాలం ‘సంఘ సంస్కరణ’ శీర్షిక కింద ఉండిపోయింది. ‘విద్యావ్యాప్తి’ శీర్షిక కిందికి రాలేదు. ఏ బడిని ఏ అధ్యాయంలో పెట్టారన్నది కూడా కథన నిర్ణయమే.

‘ప్రజల మనిషి’ – స్థాపకుడు లేని చదువు:
వట్టికోట ఆళ్వారుస్వామి ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేస్తూ చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు ఊరూరా చేరవేశారు. నిజామాబాదు జైలులో దాశరథితో కలిసి ఖైదీగా ఉన్నారు. ఆయన నవల ‘ప్రజల మనిషి’ కథాస్థలం దిమ్మెగూడెం. కంఠీరవం ఊరివాడే. దొర దౌర్జన్యం వల్ల ఊరు దాటి, పట్నంలో చదువుతోనూ ఉద్యమంతోనూ పరిచయమై, ప్రజల్లోకి తిరిగివస్తాడు. మతం మార్పించడానికి ఒకరు, మారకుండా ఆపడానికి మరొకరు దళితవాడకు వస్తారు. వాడవాళ్లకు కావలసింది వెట్టినుంచి విముక్తి, మనిషిగా మర్యాద. వచ్చినవారందరూ ఆ అవసరాన్ని తమతమ మాటల్లోకి తర్జుమా చేసుకుంటారు.

విద్య విషయంలో ఈ నవల చేసిన పని ప్రత్యేకమైనది. అందులో చదువు ఒక భవనంగా కాక మనుషుల మధ్య చేతులు మారే వస్తువుగా సాగుతుంది. వంటింట్లో, గ్రంథాలయంలో, జైలులో అక్షరం నేర్చిన రచయిత అనుభవం దీనికి మూలం. ఈ చదువుకు శంకుస్థాపన లేదు కనుక స్థాపకుడు కూడా లేడు. ‘స్థానికుడు’, ‘బయటివాడు’ అన్న రెండు స్థానాలూ కంఠీరవంలో ఒకే మనిషిలో కలిశాయి. వెళ్లినవాడు తిరిగివచ్చినప్పుడు ఊరు అతన్ని పరీక్షిస్తుంది. ఆ పరీక్షలో నెగ్గితేనే శీర్షికలోని షష్ఠీ విభక్తి సార్థకమవుతుంది. అతను ప్రజలకు నాయకుడు అనడంకన్నా ప్రజలకు చెందినవాడు అనడం నవల ఉద్దేశానికి దగ్గర. స్థాపన కథనాల్లో బడి స్థాపకునికి చెందుతుంది. ఈ నవలలో చదువరి ఊరికి చెందుతాడు.

శిలాఫలకం – నేటి సమస్య:
ఈ ప్రక్రియలో అతి చిన్న రచన బడి గోడమీది శిలాఫలకం. ప్రారంభకుని పేరు, అధ్యక్షుని పేరు, గౌరవ అతిథుల పేర్లు, తేదీ, అంచనా వ్యయం అందులో ఉంటాయి. స్థలమిచ్చిన రైతు పేరు, తాటాకు పందిరి కింద తొలి సంవత్సరాలు పాఠం చెప్పిన పంతులు పేరు, పిల్లలను పొలంనుంచి తప్పించి పంపిన తల్లుల నిర్ణయం దానిమీదికి రావు. 2022లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమంలో నిర్ణీత మొత్తం ఇచ్చిన దాతల పేర్లు గదులకు, బడులకు పెట్టే వెసులుబాటు కల్పించారు. శీర్షికలో ‘మన’ అన్న సర్వనామం రెండుసార్లు వచ్చింది, గోడమీద ఏకవచన నామం వచ్చింది. దాతలను గౌరవించడంలో తప్పులేదు. పేరుకు అర్హత పొందడానికి డబ్బు ఒక్కటే కొలమానం కావడం దగ్గర చిక్కు వస్తుంది.

దీనికి ఒక ప్రతివాదం ఉంది. ఎవరో ఒకరు పూనుకోకపోతే బడి రాదు, పూనుకున్నవారి పేరు చెప్పడంలో ఆక్షేపణ ఏమిటని అడగవచ్చు. ‘ఊరంతా కలిసి పెట్టుకున్న బడి’ అన్న మాట కొన్నిసార్లు స్థాపక స్తుతికన్నా పెద్ద అబద్ధం కావచ్చు. దళిత పిల్లలను వేరుగా కూర్చోబెట్టిన ఊరిని, తండాకు బడి ఎందుకన్న ఊరిని ఆ ‘అంతా’ అన్న మాట కాపాడుతుంది. పూనుకున్న వ్యక్తి ఆ ఊరికి ఎదురు నిలిచి ఉండవచ్చు. ఈ వాదంలో నిజం ఉంది. అందువల్లనే స్థాపకుని పేరు తీసి ఊరి పేరు పెట్టడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. ఎల్లలు రాయడం అంటే బడి ఏ వాడకు దగ్గర, ఏ వాడకు దూరం అన్నది కూడా రాయడం. సాక్షులను చేర్చడం అంటే సాయపడినవారితో పాటు అడ్డుపడినవారిని కూడా నమోదు చేయడం.

విద్యార్థుల సంఖ్య తగ్గి పల్లె బడులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్న, మూతపడుతున్న కాలంలో ఇది కేవలం కథన శాస్త్ర చర్చ కాదు. మూసివేతను ప్రశ్నించాలంటే ఆ బడి తమదని చెప్పగల ఆధారం ఊరికి కావాలి. స్థలమిచ్చినవారి, గోడలు లేపినవారి, తొలితరం చదువరుల వివరాలు ఎక్కడా నమోదు కాకపోతే ఆ బడి దస్త్రాల్లో ఒక సంఖ్యగా మిగులుతుంది. సంఖ్యను కొట్టివేయడం సులభం.

ముగింపు:
పరిశీలించిన కథనాల్లో ఎల్లలను బాగా రాసినది ‘వైల్ సూయింగ్ శాండల్స్’. సాక్షులను నమోదు చేసినది ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’. ఇచ్చినది ఎట్లా పోయిందో చెప్పినది హైమండార్ఫ్ మలి రచన. చదువును స్థాపకునినుంచి విడదీసి చూపినది ‘ప్రజల మనిషి’. ఏ ఒక్కటీ అన్ని అంగాలనూ పూర్తిగా నిర్వహించలేదు. రచయిత స్థానికుడు కావడం వల్ల కథనం సమగ్రం కాలేదు, బయటివాడు కావడం వల్ల అసమగ్రమూ కాలేదు. ఎవరిని కథకులుగా, ఎక్కడిని ఆరంభంగా ఎంచుకున్నారన్నదే తేడాకు కారణం. ఒకే రచయిత్రి చేతిలో పేరయ్య రెండు స్థానాల్లో నిలవడం దీనికి బలమైన నిదర్శనం.

నిజామాబాదు ప్రాంతంలో ఈ పని ఇంకా చేయవలసి ఉంది. ఇందల్వాయి చుట్టుపక్కల ఊళ్లలో, తండాలలో, క్యాంపులలో తొలితరం చదువరులు ఇంకా జీవించి ఉన్నారు. బడి రిజిస్టర్లలోని ప్రవేశాల పుటలు, పంచాయతీ తీర్మానాలు, భూమి పహాణీలు, బీడీ చుడుతూ పిల్లలను చదివించిన తల్లుల మౌఖిక కథనాలు కలిస్తే ఒక్కొక్క బడికీ సమగ్రమైన స్థాపన కథనం సిద్ధమవుతుంది. తెలుగు శాఖలు ఇంతవరకు జానపద గేయాలకు, స్థలపురాణాలకు ఇచ్చిన శ్రద్ధను బడి కథలకు కూడా ఇవ్వాలి. ‘స్థాపించారు’ అన్న క్రియ పక్కన ‘ఇచ్చారు’, ‘మోశారు’, ‘కూర్చున్నారు’, ‘అడ్డుకున్నారు’, ‘నిలబెట్టారు’ అన్న క్రియలు కూడా కర్తలతో సహా చేరినప్పుడే ఆ కథనాలకు ఎల్లలూ సాక్షులూ ఏర్పడతాయి.